అక్క చేతులకు పూసిన రంగు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఒక చిన్న సీసాడు రంగు. చెబితే నవ్వుతారేమో. నవ్వితే నవ్వండి, కానీ చివరిదాకా వినండి. మా ఆయనకు కూడా చెప్పని మాట ఇది.

తొంభైల చివర్లో సంగతి. నేను టెక్కలిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. మాది ఉద్దానంలో ఒక పల్లె. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. తర్వాత నాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. అక్క తన చదువు మానేసి, నన్ను వెంటబెట్టుకుని పలాస వచ్చేసి, జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. మొదట పిక్కలు కొట్టే పని. కాల్చిన పిక్కను పగలగొడితే పెంకులోంచి నూనె కారుతుంది. అది తగిలిన చోటల్లా చర్మం కాలి, నల్లబడి, ఊడిపోతుంది. కొన్నేళ్లు అలా కాల్చుకున్నాక అక్కను పప్పు ఏరే గదిలోకి మార్చారు. గుండు పప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు. కూర్చుని చేసే శుభ్రమైన పని. మెల్లగా వేళ్లు మామూలు రంగుకొచ్చాయి. గాజులు కొనుక్కుంది. నా ముందు చేతులు చాపి, తిప్పి తిప్పి చూపించి మురిసిపోయింది.

ఆ గదిలో అక్కకు స్నేహితులు దొరికారు. ఇంటికొచ్చాక వాళ్ల కబుర్లే. నాకు ఒళ్లు మండేది. ఎందుకు మండాలి చెప్పండి? అంతకాలం నా ఒక్కదాని మనిషిగా ఉన్న అక్కను ఎవరో వచ్చి పంచుకుపోతున్నట్టు అనిపించేది. పైగా పరీక్షలు దగ్గరపడ్డాయి, భయం. పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వచ్చే అక్క ఓ నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే బాగుండునని ఒకటే కోరిక.

ఆ వేసవిలో ఒక ఆదివారం, నాకిష్టమని పచ్చి జీడిపప్పు కూర వండింది. పచ్చి పిక్కలు కోస్తుంటే సొన తగిలి వేళ్ల సందున పొక్కింది. ప్రాక్టికల్స్ కోసం తెచ్చుకున్న రంగు సీసా నా సంచిలో ఉంది. గాజు పలక మీద వేస్తే కంటికి కనపడని సూక్ష్మజీవులు రంగు పట్టి సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. ముదురు వంకాయ రంగు. దూది ముంచి అక్క రెండు చేతులకూ, పొక్కిన చోటా పొక్కని చోటా, పూసేశాను.

"ఏటే ఇది?" అంది అక్క.

"మందు."

"సిన్న పొక్కుకి ఇంత మందేటే? రేపటికి పోద్దా?"

"పోతుందిలే."

పోదని నాకు తెలుసు. తెల్లటి పప్పు ఏరే గదిలోకి ఆ చేతులతో రానివ్వరనీ తెలుసు. అలాంటి రంగును పుండ్లకు పూయడం అప్పట్లో మామూలే కాబట్టి నా అబద్ధం ఇట్టే చెల్లిపోయింది.

తెల్లారి అక్క సబ్బుతో రుద్దింది, చింతపండుతో రుద్దింది, బూడిదతో రుద్దింది. వదల్లేదు. ఇదిగో, అసలు తప్పు ఇక్కడుంది. పూయడమంటే పిల్లతనమని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ రంగును కడిగే స్పిరిట్ కూడా నా సంచిలోనే ఉంది. ముందు రంగు వేయడం, తర్వాత స్పిరిట్‌తో కడగడం, మాకు నేర్పిన పాఠమే అది. దూదితో తుడిస్తే చాలావరకు పోయేది. నేను సంచి ముట్టకుండా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

అక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చేసింది. నవ్వుతూ వచ్చింది.

"పప్పుకి రంగంటుకుంటాదని మేస్త్రి రానీనేదే. పోనీలే, నీ పరీచ్చలయ్యేదాకా వండి పెడతాను."

ఆ వంకాయ రంగు వేళ్లతోనే నాకు తల దువ్వింది. చదువుకుంటుంటే నోట్లో ముద్దలు పెట్టింది. అంత సంతోషంగా నేను ఎప్పుడున్నాను? ఛీ, ఇప్పుడు రాస్తున్నా కూడా ఆ ముద్దల రుచి తీయగానే గుర్తొస్తోంది. ఏం మనిషిని నేను!

రంగు వదిలి పనికి వెళ్లేసరికి అక్క చోట్లో ఇంకొకరు కూర్చున్నారు. మళ్లీ పిక్కలు కొట్టే చోటే ఇచ్చారు. ఖాళీ వస్తే పిలుస్తామన్నారు, పిలవలేదు. గాజులు తీసి పెట్టేసింది. ఆ పని చేసే నా కోర్సు పూర్తి చేయించింది, నాకు పెళ్లి చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి ఆమెకు ఏం తెలుసని? పైగా "మా సెల్లి మందు రాసింది, ఒక్క పూటలో మానిపోనాది" అని అందరికీ గొప్పగా చెప్పుకునేదట.

కొన్నేళ్లకు నాకు పాప పుట్టింది. అక్క ఆసుపత్రికొచ్చింది. ఎత్తుకోమని పాపను అందిస్తే చేతులు వెనక్కి తీసుకుంది. "నా సేతులు గరుకే. పిల్ల వొళ్లు గీసుకుపోద్ది" అంది. కొంగు చేతులకు చుట్టుకుని, అప్పుడు ఎత్తుకుంది.

చెప్పేద్దామనుకున్నాను. పాప గుడ్డలు సర్దుతూ మాట మార్చేశాను. కోప్పడుతుందని కాదు. "అయితే ఏటే" అని నవ్వేస్తుందని భయం. ఆమె అలా నవ్వేస్తే నేనెక్కడ తలదాచుకోను?

పిరికిదాన్ని. అందుకే ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. అది మందు కాదు. అక్క నా దగ్గరే ఉండాలని పూశాను. కడగగలిగి కూడా కడగలేదు. మా అక్క ఉత్త చేతులతో నా బిడ్డను ఎత్తుకోలేకపోయింది నా వల్లే.

చెప్పేశాను. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది.