అవ్వకి ఐదు స్టార్లు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలమేమీ కాదు. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోనుకి ముందు ఇంకో ఫోను ఉండేదే, ఆ రోజుల్లో. మా ముందు తరంవాళ్లు కాలాన్ని తుపానులతోనూ పెళ్లిళ్లతోనూ గుర్తు పెట్టుకునేవారు, మేము ఫోన్లతో పెట్టుకుంటున్నాం. ఆ ఫోను ఒక మూల పగిలి ఉండేది, నాకేమో లోకంలో తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉద్యోగం ఒక్కటే లేదు. డిగ్రీ చేతికొచ్చి ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల కనబడితే చుట్టాల బుర్రలు పాదరసంలా పనిచేస్తాయి కదా, మా మామ బుర్రలో పుట్టిన ఆలోచన ఏమిటంటే, రెడ్డియార్‌పాళయంలో ఉన్న ఆయన మోటారు పంపుల షాపులో నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టడం. మామ బంగారంలాంటి మనిషి. కాకపోతే ఆయనకి పంపులు తప్ప వేరే మాటలు రావు. పెళ్లి పంక్తిలో రసం పోస్తుంటే కూడా ధారని చూసి "ప్రెషర్ చాలదే" అనే రకం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మాటలు వింటూ కూర్చోవడం తలుచుకుంటే నాకు చలిజ్వరం వచ్చేది.

అలాంటి సమయంలో ఊళ్లో ఒక బేకరీ మీద మేడ గదిలో నడిచే చిన్న కంపెనీలో పని దొరికింది. సినిమాలు విడుదలయ్యేటప్పుడు వాటి పేరుమీద ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేయడం వాళ్ల వ్యాపారం. (కింద బన్నులు కాలే వాసన, పైన కంప్యూటర్లు కాలే వాసన.) నన్ను తీసుకోవడానికి కారణం నా డిగ్రీ కాదు. ఇంటర్వ్యూకి వెళ్లి వరండాలో కూర్చుని అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే యజమాని విన్నారు. ఆయన తమిళాయన. "నీకు తెలుగు వచ్చా?" అన్నారు. "ఇంట్లో అదే సార్" అన్నాను. "చదవడం?" "రాదు సార్." ఆయన చేత్తో గాలిని పక్కకి తోసి, "మాట్లాడతావు కదా, చదవడం దానంతటదే వస్తుంది" అన్నారు. ఈత రానివాణ్ణి నీళ్లలోకి తోసేటప్పుడు కూడా ఇలాగే అంటారని నాకు అప్పుడు తట్టలేదు.

మా సంగతి కాస్త చెప్పాలి. మేము మూలకుళంలో ఉంటాం. మా పెద్దలు ఎన్ని తరాల కిందట సేద్యం చేసుకోవడానికి ఈ తమిళ నేలకి వచ్చారో ఎవరికీ తెలియదు. బడిలో తమిళం, ఇంగ్లీషు, ఇంట్లో మాత్రం తెలుగు. దాన్ని కూడా సగం తమిళంలో నానబెట్టి మాట్లాడతాం. ఆ తెలుగు మా చెవులకే గాని కళ్లకి తెలియదు. మా అవ్వకి రాదు, అమ్మకి రాదు, నాన్న సంతకం తమిళంలో చేస్తారు. తెలుగు అక్షరాలు మాకు జాంగ్రీల వరసలా కనబడేవి.

నేను చేరినప్పుడు తయారవుతున్న ఆట ఒక సముద్రపు దొంగల సినిమాది. ఒక పెద్ద హీరో కంటికి నల్లగుడ్డ కట్టుకుని ఓడ నడుపుతాడు, తమిళం, తెలుగు రెండు భాషల్లోనూ విడుదల. మా యజమాని ఆ ఊపులో మీటింగుల్లో "ఓడ మునిగితే అందరం మునుగుతాం" అంటూ తిరిగేవారు, అందుకని మేమంతా ఆయన్ని వెనకాల కెప్టెన్ అనేవాళ్లం. ఒకరోజు నోరుజారి ముందరే అనేస్తే ఆయన పొంగిపోయారు. అప్పటినుంచి అదే పేరు. ఆట విడుదలైంది. తమిళంవైపు పర్వాలేదు. తెలుగువైపు జనం ఉతికి ఆరేశారు. కెప్టెన్ నన్ను పిలిచి సూటిగా చెప్పేశారు. "ఆడినవాళ్లు ఏమంటున్నారో చూడు, ఒక్కొక్కరికి జవాబు రాయి. సినిమా థియేటర్లలో ఉన్నంతలో తెలుగు రేటింగ్ లేవాలి. లేవకపోతే తెలుగు మూసేస్తాం. అప్పుడు నీకిక్కడ పని ఉండదు." నా కళ్లముందు మామ షాపులోని పంపులన్నీ ఒక్కసారి ఆన్ అయ్యాయి.

చదవడం రాదు కనుక నేనొక ఉపాయం పన్నాను. ఇంటికెళ్లి ఫోనులో పైకి చదివి వినిపించే గొంతుని ఆన్ చేసి, అభిప్రాయాలమీద వేలు పెట్టాను. అందులో ఉన్న ఆడ గొంతు వార్తలు చదివే తీరులో, ఎక్కడా తొణక్కుండా చదవడం మొదలుపెట్టింది. "ప్రకటనల మధ్యలో అప్పుడప్పుడు ఆట వస్తోంది. దయచేసి ఆటని కూడా తీసేయండి." "హీరో మొహం మా బస్సు కండక్టర్‌లా ఉంది. కండక్టర్ కూడా బాధపడ్డాడు." "ఈ ఓడ కన్నా మా ఇంట్లో తిరగలి వేగంగా తిరుగుతుంది." "మూడో దీవి దగ్గర ఆక్టోపస్ చావదు. నేనే చచ్చేలా ఉన్నాను. దీన్ని చేసినవాడెవడ్రా, వాడి మొహం మండ." వసారాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అవ్వ తలెత్తి, "ఎవురే ఆయమ్మ? ఇంత మర్యాదగా తిడతాండాది!" అంది.

"అది మిషను అవ్వా. తిడతాండేది ఆడినోళ్లు."

"మిషను చేత తిట్టిస్తాండారా? వాళ్లకి నోరు యాడ పోయింది?"

జవాబులు కూడా అలాగే నోటితోనే. మైకు బొమ్మమీద నొక్కి మాట్లాడితే ఫోను తెలుగులో అక్షరాలు పేర్చేది. ఏం పేర్చిందో నాకు తెలియదు, జాంగ్రీలు కనబడ్డాయి, పంపేసేదాన్ని. "అయ్యా, మీరు చెప్పింది ఇన్న్యాము. సరిచేస్తాము. కోపం పెట్టుకోబాకండి" అని ప్రతివాడికీ గంభీరంగా చెప్పాను. (అసౌకర్యానికి చింతిస్తున్నాము అనే మాట ఒకటుందని నాకు చాలా తర్వాత తెలిసింది. తెలిసి ఆ మాట వాడి ఉంటే మా ఇంట్లో ఎవరూ నన్ను క్షమించి ఉండేవారు కాదు.) రోజూ సాయంత్రం వసారాలో అదే పని. వంటింట్లో అమ్మ, పక్కన అవ్వ, మధ్యలో నేనూ, నా సముద్రపు దొంగలూ.

కొన్ని రోజులకి ఒక వింత మొదలైంది. ఒక స్టారు ఇచ్చినవాళ్లే మళ్లీ వచ్చి ఏదో రాస్తున్నారు. పని ఒత్తిడిలో తీరిక లేక అవి వినలేదు. ఒకనాడు ఆఫీసుకి వెళ్లేసరికి కెప్టెన్ గదిలో ఫోను స్పీకరులో ఉంది. అవతల సినిమా నిర్మాతగారి తరఫున హైదరాబాదు నుంచి ఒకాయన. కెప్టెన్ నన్ను చూసిన చూపులో ఓడ మునిగే ఉంది. హైదరాబాదాయన గొంతు పెంచి, "ఏమ్మా, మీ ఆఫీసులో పాలు పొంగుతున్నాయా?" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. "నేను చదువుతాను, వినండి" అని ఆయన చదివారు.

"ప్రశ్న: మూడో దీవి దగ్గర ఆక్టోపస్ చావట్లేదు. మీ కంపెనీ జవాబు: అయ్యా, మీరు చెప్పింది ఇన్న్యాము, సరిచేస్తాము, పాలు పొంగిపోతాండాయి ఎవురన్నా దించండే, నాకు రెండు చేతులే కదా ఉండేది, దాన్ని ఎందుకు చంపాలంట వాడు, పావం దాని పాటికి అది నీళ్లలో ఉండాది, పక్కన పొమ్మను సుమ్మా, కోపం పెట్టుకోబాకండి."

అమ్మా, అవ్వా, పాలగిన్నే, అందరూ నా మైకులో పడి కంపెనీ తరఫున ఆంధ్ర దేశమంతటికీ జవాబులు ఇచ్చేశారు. ఒక్కటి కాదు. "ఓడ వేగంగా పోవడం లేదు" అన్నవాడికి "నిదానంగా పోతే ఏం పోతుందంట, కప్పలుకి పెళ్లికి పోవాలనా" అని వెళ్లింది. (తమిళంలో నానిన మా తెలుగులో ఓడ అంటే కప్పలే.) నిధిపెట్టె దొరకలేదన్న అమ్మాయికి "ఆ మూల ఎతికితివా, కరివేపాకు కింద" అని వెళ్లింది. అది అమ్మ అవ్వని ఉప్పుడబ్బా గురించి అడిగినప్పటి మాట. ఇంక పని అయిపోయింది, రేపు పొద్దున్నే పంపుల షాపే అనుకున్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. కెప్టెన్‌కి తెలుగు రాదు గాని పాలు అనే మాట తమిళంలోనూ ఉంది కనుక ఆయన తలపట్టుకున్నారు.

"ఎవరండీ ఆవిడ?" అన్నారు హైదరాబాదాయన.

"మా అవ్వ సార్" అన్నాను.

"ఆవిడనే రాయమనండి. మీరు మధ్యలో ఆ ఇన్న్యాము, సరిచేస్తాము ఆపెయ్యండి, బోరు కొడుతోంది." ఆయన నవ్వుతున్నారని అప్పుడు తెలిసింది. ఆక్టోపస్‌వాడు మళ్లీ వచ్చి రాశాడట. అవ్వ చెప్పినట్టు కొట్టకుండా పక్కనుంచి పోనిస్తే అది దానంతటదే మునిగిపోయిందట. (ఆట తయారుచేసిన కుర్రవాణ్ణి అడిగితే వాడు చాలాసేపు తెరవైపు చూసి, "అలా పోకూడదే" అన్నాడు.) ఆట దండగ, అవ్వకి ఐదు స్టార్లు అని ఒకడు రాస్తే, ఆ మాట పట్టుకుని వరసపెట్టి అందరూ అదే రాస్తున్నారట. రేటింగ్ లేచింది. జనం అవ్వ చేత తిట్లు తినడానికే ఆట దించుకుంటున్నారు.

ఇంక మా వసారా వైభవం చూడాలి. అవ్వ సాయంత్రం మొహం కడుక్కుని, చీర సర్దుకుని కూర్చునేది. నేను వద్దన్నా వినదు, "అంతమంది వస్తాండారు కదే" అనేది. సముద్రం గురించి ఆవిడకున్న అనుభవమంతా వీరాంపట్టినం నుంచి గంపతో వచ్చే చేపలామెతో బేరమాడటమే. ఆ అనుభవంతోనే దొంగలందరికీ ఓడ నడపడం నేర్పింది. ఫిరంగి గురి తప్పుతోంది అన్నవాడికి, "కండ్లు నలుపుకోని కొట్టు నాయనా, పొద్దస్తమానం చూస్తే ఎవురికైనా తప్పుతాది" అంది. ఒంటికన్ను అని పేరు పెట్టుకున్న ఒక మహానుభావుడు మాత్రం రోజూ వచ్చి ఆటని కొత్తకొత్తగా తిట్టేవాడు. అవ్వకి వాడంటే ప్రాణం. "ఆ ఒంటికన్నోడు ఇంకా రాలేదా? ఏమైనాడో" అని ఎదురుచూసేది. పంపుల మామ కూడా ఒకసారి వచ్చి అరగంట కూర్చుని, ఓడలోకి నీళ్లొస్తుంటే తోడటానికి ఏ మోటారు వేయాలో ఒకడికి వివరంగా చెప్పాడు. అవతలివాడు నిజంగానే షాపు ఎక్కడని అడిగాడు.

సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లకి ఒప్పందం అయిపోయింది, ఆటని తీసేయాలన్నారు. నా కుర్చీ కింద మళ్లీ నిప్పు. హైదరాబాదాయన తర్వాతి సినిమా ఆట కూడా మాకే ఇస్తారట, కానీ ఈసారి తెలుగు చదవగలిగే మనిషి ఉన్నారని ఆయన వచ్చి కళ్లారా చూస్తేనేనట. "చదువుతావు కదా?" అన్నారు కెప్టెన్. ఆయన చేయి ఈసారి గాలిని పక్కకి తోయలేదు.

నిజానికి నేను దొంగతనంగా నేర్చుకుంటూనే ఉన్నాను. మర్యాదమ్మ చదువుతుంటే (అవ్వ ఆ మిషనుకి పెట్టిన పేరది) ఆ మాట మీద కన్ను వేసి ఉంచేదాన్ని. అందరూ అమ్మ, ఆవు అంటూ మొదలుపెడతారట. నాకు మొదట పట్టుబడిన మాట చెత్త. ఎక్కువసార్లు వచ్చేది కనుక త వత్తుతో సహా వచ్చేసింది. తర్వాత దండగ, దరిద్రం, మోసం. ఇలా నా అక్షరాభ్యాసం తిట్లమీద జరిగింది. కానీ మిషను తోడు లేకుండా, తెలియని వాక్యం, ఇంకొకరు వింటుండగా ఎప్పుడూ చదవలేదు.

ఆట ఎత్తేసే రోజు సాయంత్రం అవ్వ మామూలుగానే మొహం కడుక్కుని వచ్చింది. ఒంటికన్ను రాశాడు, పెద్దగానే రాశాడు. నేను గొంతు ఆన్ చేయబోతే అవ్వ నా చేయి పట్టుకుంది. "మర్యాదమ్మ వద్దు. నువ్వు సదువు."

"నాకు సరిగ్గా రాదవ్వా."

"వచ్చినంత సదువు. వాడేమీ పారిపోడు."

వేలు పెట్టి మొదలుపెట్టాను. ఒక్కో అక్షరాన్ని పట్టుకుని, వదిలి, మళ్లీ వెనక్కి వెళ్లి పట్టుకుని. "ఇం...త... ఇంత... ద...రి...ద్ర...పు... ఆట..." వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న పేపరు మడిచారు. "ఇంత దరిద్రపు ఆట నేను పుట్టి ఎరగను. దీన్ని చేసినవాళ్లు జన్మలో బాగుపడరు. ఓడ కాదు ఇది, తెప్ప. హీరో కాదు వాడు, దిష్టిబొమ్మ." క్ష దగ్గర ఆగిపోయాను, చెమట పట్టింది, దాటాను. "ఒక్క క్షణం కూడా ఈ ఆట నాకు నచ్చలేదు. అవ్వకి నమస్కారం." అంతే. పూర్తయింది. తల ఎత్తి చూస్తే అవ్వ రెండు చేతులూ జోడించి కూర్చుని ఉంది, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"ఏంది అవ్వా, తిట్టినాడు కదా!"

"తిట్టనీలే," అంది అవ్వ ముక్కు చీదుతూ. "మన ఇంట్లో మన మాటని చూసి సదివినోళ్లు లేరే తల్లీ. ఇంకోతూరి సదువు."

మళ్లీ చదివాను. ఆమె అడిగిందని మూడోసారి కూడా చదివాను. అప్పటికి దరిద్రపు అన్న మాట దగ్గర నాకు తడబాటు పోయింది. హైదరాబాదాయన వచ్చినప్పుడు ఏదో కాగితం ఇచ్చి చదవమంటే గడగడా కాకపోయినా గౌరవంగా చదివాను, ఉద్యోగం నిలబడింది, ఇవాళ మీరు చదువుతున్న ఈ ముక్కలు కూడా నేనే రాశాను. కానీ అక్షరాలు ఎలా వచ్చాయని ఎవరైనా అడిగితే నాకు ఆ వసారాయే గుర్తొస్తుంది. పగిలిన ఫోనుమీద వేలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, తన కంపెనీని తిట్టిన తిట్లని పురాణంలా చదువుతున్న ఆ పిల్ల, ఎదురుగా చేతులు జోడించి వింటున్న మా అవ్వ. ఆ పిల్లని ఒకసారి పిలిచి, చాలా బాగా చదివావే అని చెప్పాలనిపిస్తుంది.