నీలం గుర్తు పొట్టేలు

నిన్న పొద్దున్న మా ఊరు రొద్దంలో నా ప్రాణం పోయి వచ్చిందంటే నమ్మండి! ఈ వేలి మీద నీలం రంగు చూశారా, అదే సాక్ష్యం.

నా పని తెలుసు కదా? బెంగళూరు ల్యాబ్‌లో కూర్చుని గొర్రె డీఎన్‌ఏలో స్విచ్చులు వెతకడం. జీన్‌ను ఆన్ చేసే ప్రోటీన్లు ఎక్కడ అతుక్కుంటాయో కంప్యూటర్‌తో ఊహించడం అన్నమాట. ప్రోగ్రాం బడాయి కొడుతోందేమో చూడ్డానికి, అవే డీఎన్‌ఏ అక్షరాలను పేకముక్కల్లా కలిపేసి ఒక ఉత్తుత్తి ఫైలు కూడా ఇస్తాం. దాంట్లో ఏం దొరికినా చెత్తే. అసలు ఫైలుకు 'ఎరుపు', ఉత్తుత్తిదానికి 'నీలం' అని పేరు పెట్టుకున్నా. గొర్రెల కాపరి కూతుర్ని, ఇంకేం పేర్లు తడతాయి!

మొన్న సెలవుకు ఇంటికొచ్చి, బ్రహ్మాండమైన స్విచ్చి దొరికిందని మా ల్యాబ్ సార్‌కు మెయిల్ కొట్టేశా. గొర్రెలు రెండేసి పిల్లల్ని ఈనేలా చేసే జీన్ పక్కనే! నిన్న పదకొండింటికి పెద్ద సైంటిస్టులందరి ముందు చూపిస్తానన్నారు సార్.

నిన్న పొద్దున్నే మా నాయన, పక్కింటి నరసప్ప మామ గొర్రెలకు రంగు గుర్తులు వేస్తున్నారు. రెండు మందలూ కలిసి మేతకు పోతాయి మరి. నేనూ కుంచె పట్టుకుని దిగాను.

"యాడ చూస్తాండావు పాపా? నీలం మనది, ఎరుపు మామది" అన్నాడు నాయన.

నీలం మనది! చిన్నప్పట్నుంచి నీలమంటే మాదే. మొన్న ఇంట్లో కూర్చుని ఆ స్విచ్చి వెతుకుతుంటే చెయ్యి దానంతటదే నీలం ఫైలు మీదికి పోయింది. ల్యాబ్‌లో నీలమంటే ఉత్తుత్తిది కదా దేవుడా!

సార్‌కు ఫోన్ చేస్తే ఎత్తరు. మళ్ళీ చేశా. ఉద్యోగం ఊడినట్టే, ఇక గొర్రెలు కాసుకోవడమే అనుకున్నా.

చివరికి ఎత్తారు. "ఏంటమ్మా, హాల్లో ఉన్నా."

"సార్, ఆ స్విచ్చి ఏ గొర్రెకూ లేదు సార్!"

నీలం ఫైలు సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశా.

"ఇంకా చూపించలేదులే. తీసేస్తా. సోమవారం రా, మాట్లాడదాం."

ఆ 'మాట్లాడదాం'కే నాకు సగం జ్వరం వచ్చింది.

ఫోన్ పెట్టి ఊపిరి పీల్చుకున్నానో లేదో, నరసప్ప మామ కేక! "ఏమప్పా, నా పొట్టేలుకు మీ రంగు ఎవురు పూసినారు?"

చూద్దును కదా, కుంచె ఇంకా నా చేతిలోనే ఉంది. ఫోన్లో మాట్లాడుతూనే ఎదురొచ్చినదానికల్లా పూసేసినట్టున్నా. మామ పొట్టేలు వీపంతా నీలమే!

నాయన నా చేతిలోంచి కుంచె లాక్కున్నాడు. సోమవారం సార్ ల్యాప్‌టాప్ లాక్కోకుంటే చాలు!