బొటనవేలంత ఖాళీ

ఆ ప్రయోగశాలలో ఆమె అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు. తక్కిన అందరికీ ఆమె జిగురమ్మ. లోహపు రేకులను జిగురుతో అతికించి, యంత్రానికి బిగించి, లక్షలసార్లు లాగించి, ఎప్పుడు ఊడతాయో చూడడం ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆమె వృత్తి. అతికించే ముందు ప్రతి రేకు మీదా నీళ్లు పోస్తుంది. నీరు ఒకే తెరలా పరుచుకుంటే రేకు శుభ్రం; బొట్లుగా విడిపోతే ఎక్కడో జిడ్డు ఉన్నట్టు. ఆ తరువాత దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకున్నవాడికి మూడినట్టే.

"గడప దగ్గరే ఆగు బావా! నీ చేతి జిడ్డుతో నెల్లాళ్లు దీపం వెలిగించొచ్చు."

రేకులను లోహపు మేకులతో బిగించే రివెట్ల విభాగం మేస్త్రీ ఆమెకు వరసకు బావ. ఆ మాటకు ఊరుకునే రకం కాదు. "నీ జిగురు కొత్త చుట్టం మర్యాద, మరదలా. నాలుగు వానలు పడితే ఊడిపోద్ది. నా రివెట్టు అలా కాదు, పట్టిందంటే వదలదు."

"రేకుకి చిల్లు పెట్టి కదా నీ పట్టు! చిల్లు పెట్టి చుట్టరికం కలుపుకుంటారా ఎవరైనా?"

ఈసారి వ్యవహారం మాటలతో తేలేది కాదు. కొత్త అంబులెన్సుల నేలను అతికించాలా, రివెట్లు కొట్టాలా అన్నది ఆరు ముక్కలు తేల్చాలి. నలభై రోజులు వేడి ఆవిరి పెట్టెలో నానిన తరువాత, పది లక్షల సార్లు లాగినా ఆరూ నిలవాలి. ఒక్కటి ఓడినా జిగురు పద్ధతి, దానితో పాటు ఆమె పన్నెండేళ్ల శ్రమ అటకెక్కుతాయి.

ఐదు నెగ్గాయి. ఆరోది నలభై వేలకే టప్పున ఊడింది.

ఆమె భూతద్దం అందుకుంది. జిగురు తనలో తాను చిరిగి రెండు రేకుల మీదా మిగిలితే, అది పోరాడి ఓడినట్టు. ఇక్కడ చాలా మేర అలాగే ఉంది. కాని ఒక మూల, కోడిగుడ్డు ఆకారంలో లోహం నున్నగా మెరుస్తోంది. అక్కడ జిగురు పట్టనే లేదు.

"బొటనవేలు! బావా, ఇది నీ పనే!"

"అత్త మీద కోపం దుత్త మీదా? ఇదిగో, నా వేలు పెట్టి చూసుకో."

సుత్తి దెబ్బలకు చదునెక్కిన ఆ వేలు మచ్చను పూర్తిగా కప్పి ఇంకా మిగిలింది. న్యాయం అందరికీ ఒకటే కనుక ఆమె తన వేలూ పెట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. పైగా మచ్చకు అడ్డంగా సన్నని గీత మేర మాత్రం జిగురు అంటుకుని ఉంది. సరిగ్గా అక్కడే ఆమె వేలి మీద చిన్ననాటి కత్తిగాటు.

పుస్తకం తీసి, అతికించిన తేదీ చూసింది. ఆ రోజు పగలు పదకొండున్నరకు అల్లుడు ఫోన్ చేశాడు: "అత్తయ్యగారూ, పాప పుట్టింది! ఇద్దరూ క్షేమం!" ఆమె చేతితొడుగు విప్పి ఫోన్ అందుకుంది, ఆనందంతో ముఖం తుడుచుకుంది, ఆ చేత్తోనే ఆరో రేకు పట్టుకుంది.

ఆమెకు నవ్వు ఆగలేదు. "దొంగే దొంగా దొంగా అని అరిచినట్టయింది నా సంగతి!"

"అమ్మమ్మనయ్యానని రేకు మీద వేలిముద్ర వేశావన్నమాట!" అని, బావ గొంతు తగ్గించాడు. "రేకులో లోపమని రాసెయ్. ఎవడడుగుతాడు?"

"పాపం, రేకేం చేసింది?" అంటూ ఆమె నివేదికలో రాసింది: ఆరవ ముక్క ఓటమికి కారణం నా ఒట్టి చేయి.

పెద్ద ఇంజనీరు అది రెండుసార్లు చదివింది. "కారణం రుజువైంది కాబట్టి ఇంకో అవకాశం ఇస్తాను. కానీ పాత ఐదూ లెక్కలోకి రావు. ఆరూ మొదటి నుంచి చెయ్యండమ్మా."

ఈసారి ఫోన్ గది బయటే ఉండిపోయింది. నలభై రోజులు నానిన ఆరు కొత్త ముక్కలూ పది లక్షలు దాటాయి. అంబులెన్సు నేల జిగురుకే దక్కింది.

ఆ ఆదివారం ఆమె మనవరాలిని చూడడానికి బావ వచ్చాడు. ఆమె దగ్గర అడిగి పట్టుకెళ్లిన ఆ ఓడిన రేకును చక్కని చట్రంలో పెట్టి తెచ్చాడు. కింద పాప పుట్టిన తేదీ చెక్కి ఉంది. నాలుగు మూలలా నాలుగు రివెట్లు.

"జిగురుతో అతికించలేకపోయావా బావా?"

"అతికిద్దామనే అనుకున్నా మరదలా. మీ ఇంట్లోంచి ఎప్పుడు ఎవరు ఫోన్ చేస్తారోనని భయమేసింది!"