జడ వేయించుకునే సాయంత్రాలు

పక్షవాతం వచ్చేనాటికి జ్ఞానరత్నానికి యాభై నిండలేదు. మొగుడు పోయాక రైల్వేవాళ్లు ఆమెకి స్కూల్లో ఆయా పని ఇచ్చారు. పిల్లల్లేరు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ క్వార్టర్లో ఒక్కర్తే ఉండేది. 1989 వానాకాలంలో ఓ పొద్దున్న లేవబోతే కుడిచెయ్యి, కుడికాలు మాట వినలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక పక్కింటి అప్పలనర్సమ్మే అన్నీ చూసుకుంది. అన్నం కలిపి పెట్టేది, చీర కట్టేది, సాయంత్రం గడపలో కూర్చోబెట్టి జడ వేసేది. వేస్తూ వేస్తూ బజారు సంగతులు, అత్తగారి మీద కోపం, అన్నీ వెళ్లబోసుకునేది. అన్నేళ్లు ఇరుగుపొరుగున ఉన్నా వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకున్నది లేదు.

వారం వారం వెళ్లే ఆస్పత్రిలో శిప్రా అని ఒక బెంగాలీ అమ్మాయి ఉండేది, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు. మందుల మాట ఎత్తలేదు. ఇంట్లో మీ అంతట మీరు ఏ పని చేసుకోవాలనుంది అని అడిగింది. స్నానం, అంది జ్ఞానరత్నం తల దించుకుని.

శిప్రా అక్కణ్నుంచే మొదలుపెట్టింది. స్టూలు మీద కూర్చుని ఎడంచేత్తో నీళ్లు పోసుకోవడం నేర్పింది. జాకెట్టులోకి పడిపోయిన చెయ్యి ముందుగా దూర్చాలంది. కంచం జారకుండా కింద తడిగుడ్డ వేయించింది. ఉల్లిపాయ కదలకుండా గుచ్చి తరుక్కోడానికి చెక్కకి మేకులు కావాలంటే, నర్సమ్మ మొగుడు ఎర్రయ్య కొట్టిచ్చాడు. నెలలు పట్టింది. జ్ఞానరత్నం విసుగొచ్చి ఎన్నోసార్లు ఏడ్చింది కూడా. తన చేత్తో టీ కాచుకున్న రోజున ఎవరికైనా చెబుదామని గుమ్మందాకా వచ్చింది. నర్సమ్మ ఇంటికి తాళం వేసుంది.

ఒక్కో పని చేతికొస్తున్న కొద్దీ నర్సమ్మ రాకలు తగ్గాయి. ఆమె తప్పేం లేదు, ఇంటెడు చాకిరీ ఆమెకి. చివరికి సాయంత్రం జడ ఒక్కటే మిగిలింది. ఒంటిచేత్తో జుట్టు పోగుచేసి క్లిప్పు పెట్టుకోవడం కూడా శిప్రా నేర్పేసింది. జ్ఞానరత్నం ఆ సంగతి పొరుగున చెప్పలేదు. ఇంటికి రాగానే క్లిప్పు తీసేసి, జుట్టు విరబోసుకుని గడపలో కూర్చునేది.

ఒక ఆదివారం క్లిప్పు పెట్టుకుని చర్చి నుంచి వస్తుంటే నర్సమ్మ చూసింది. సాయంత్రం మామూలుగానే దువ్వెన తెచ్చి, సగం జడ అల్లాక అడిగింది.

"సేసుకోడం వొచ్చినా సెప్పలేదేటి వదినా?"

జ్ఞానరత్నం తల తిప్పకుండానే అంది.

"సెప్తే నువ్వు రావు కదా."

నర్సమ్మ జడ పూర్తిచేసింది. మర్నాడూ వచ్చింది, ఆ తర్వాతా వస్తూనే ఉంది.

రెండేళ్లకి ఎర్రయ్య రిటైరై, వాళ్లు సొంతూరు చీపురుపల్లి వెళ్లిపోయారు. జ్ఞానరత్నం కర్ర ఊతంతో మళ్లీ స్కూలుకి వెళ్లింది. వంట, బట్టలు, బజారు, అన్నీ ఒక్కర్తే చేసుకునేది. పక్క క్వార్టర్లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆమెని చూసి, ఎవరి సాయం లేకుండా ఎంత చక్కగా నెట్టుకొస్తోందో అని మెచ్చుకునేవారు. అందుకే కాబోలు, ఏమైనా కావాలా అని తలుపు తట్టి ఎవరూ అడిగేవారు కాదు.