గుడ్డ టాపు కింద అత్త

మా అత్తను మెకానిక్కుల వీధిలో అందరూ గుడారమ్మ అంటారు. పెట్టినవాళ్లు ఆ పేరు వెక్కిరింతగానే పెట్టారు. ఆవిడ మాత్రం శుభ్రంగా పలుకుతుంది. మా తాత గుడారాలు కుట్టేవాడు. ఆయన పోయాక అదే షెడ్డులో మా నాన్న కార్ల సీట్ల పని మొదలుపెట్టాడు. నాన్నకంటే ఆరేళ్లు పెద్దదైన అత్త, తాత మిషను తెచ్చి కిటికీ పక్కన వేసుకుని, పైకప్పు మడిచే కార్లకు గుడ్డ టాపులు కుట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు. మా మామయ్య లారీ మీద ఊళ్లు తిరుగుతూ నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. మిగతా రోజులు అత్త ఎక్కడుందని ఎవరూ అడగరు. మిషను దగ్గరే ఉంటుంది.

అత్తకు ముక్కు మీద కోపం అంటారు. అది అన్యాయం. ముక్కు మీద కోపం నాది. అత్తకు కోపం రావడానికి ఏళ్లు పడుతుంది, వచ్చాక మాత్రం ఎవరి పప్పులూ ఉడకవు. నేనూ ఆ షెడ్డులోనే కొలతలు తీసి గుడ్డ కత్తిరిస్తుంటాను కనుక ఆ కోపాన్ని దగ్గరనుంచి చూశాను.

పోయిన వానాకాలం అత్త కుట్టిన టాపు ఒకటి కారింది. కారు యజమాని వచ్చి వీధంతా వినేలా అరిచి పోయాడు. నాన్నకు తల కొట్టేసినట్టయింది. ఆ వారమే ఫైబరుతో గట్టి టాపులు పోసే అచ్చు తెప్పించాడు. "హార్డ్‌టాప్‌కి కుట్టే ఉండదు. కుట్టు లేకపోతే ఇంకెక్కడ కారుతుంది?" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. మొదట పోసిన టాపు ఒక పక్క రెండు వేళ్లు తగ్గి, ఏ కారుకూ సరిపోకుండా వచ్చింది. ఆ వంకర డొప్పను పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఎక్కడ పెట్టాడనుకున్నారు? కిటికీ పక్కన. అత్త మిషనును వెనక్కి, మరుగుదొడ్డి తలుపు పక్కకు జరిపించాడు. అక్కడ పట్టపగలు కూడా సూదిలో దారం ఎక్కించాలంటే నేను టార్చి పట్టాలి.

"ఈ వానాకాలం చూసి మిషను ఇంటికి పట్టుకుపో అక్కా. హాయిగా కూర్చుని దిండ్లకు గలీబులు కుట్టుకో" అన్నాడు ఒకరోజు, ఏదో మేలు చేస్తున్నవాడిలా. నాకు ఒళ్లు మండింది. అత్త దారం కొరికి తన పనిలో పడింది.

అలాంటి రోజుల్లో నర్సమ్మగారి కారు వచ్చింది. ఆవిడ ముప్పై ఎనిమిదేళ్లు పురుళ్ల వార్డులో పనిచేసి రిటైరైన మనిషి. రెండు తలుపుల పాత కారు, తాడు కట్టి లాక్కొచ్చారు. టాపు సగం లేచి, పూర్తిగా తెరుచుకోకుండా, మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ఇనుప కమ్మీలు రెండు వంగాయి. వాటిని పట్టి ఉంచే పట్టీ తెగింది. మడత దగ్గర గుడ్డ జానెడు చీరింది.

నాన్న ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేశాడు. "ఇదంతా పీకేసి హార్డ్‌టాప్ బిగిద్దామమ్మా. మళ్లీ జన్మలో కారదు."

"తెరుచుకుంటుందా?" అని అడిగారు నర్సమ్మగారు.

"తెరవాలంటే ఇద్దరు పట్టుకుని ఎత్తి, తీసి ఇంట్లో పెట్టాలండి."

"ఇంట్లో పెట్టి బయల్దేరాక దారిలో వాన పడితే?"

నాన్న వంగి తెగిన పట్టీని లాగి చూశాడు.

"కిటికీలు మూసిన వార్డులో బతుకంతా గడిచింది నాయనా" అన్నారు ఆవిడ. "ఆకాశం కనబడుతుందని కొన్నాను ఈ కారు. దీనికీ మూత బిగిస్తానంటావేంటి?"

అప్పుడు వెనకనుంచి అత్త వచ్చింది. కారు తెచ్చినవాళ్ల ముందు ఎన్నడూ నోరు విప్పని మనిషి, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని వచ్చి నిలబడింది. "గుడ్డ టాపే వేస్తానండి. కమ్మీలు సాపు చేయిస్తా, గుడ్డ కొత్తది కుడతా. వారం ఇవ్వండి."

"కారితే?" అన్నాడు నాన్న, పైవాళ్లున్నారని కూడా చూడకుండా.

"కారితే మిషను నేనే మోసుకుపోతాలేరా. నువ్వు చెప్పక్కర్లేదు. ఒక్కటే మాట. నా కుట్టు మీద నీ చెయ్యి పడకూడదు."

ఆ మిషను షెడ్డు గుమ్మం దాటితే అత్త ఏమవుతుందో నాకు తెలుసు, నాన్నకు తెలియదు.

ఆ వారం అత్త ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడలేదు. వెల్డింగు అతని పక్కన నిలబడి కమ్మీలు సాపు చేయించింది. మడత సాఫీగా పడేదాకా ఉత్త ఫ్రేమును పాతికసార్లు తెరిచి మూసింది. కొత్త పట్టీ బిగించింది. కాన్వాసు కత్తిరించి ఫ్రేము మీద బిగలాగి, రెండు రోజులు ఎండలో అలాగే వదిలేసింది. సాగాల్సిందంతా సాగాకే సుద్దతో గీతలు గీసింది. నాన్న నైలాను దారపు ఉండ తెచ్చి, "ఇది చచ్చినా తెగదు" అంటూ మిషను మీద పెట్టి వెళ్లాడు. అత్త ఆ దారంతో టార్చిని గోడ మేకుకు వేలాడగట్టింది. టాపు మాత్రం నూలు దారంతో కుట్టింది.

ఎనిమిదో రోజు పొద్దున నర్సమ్మగారు వచ్చారు. కొత్త టాపు మూసి కారును వాకిట్లో నిలబెట్టాం. ప్రతి టాపునూ అత్త పరీక్షించే పద్ధతి ఒక్కటే. తను లోపల ఒక్కతే కూర్చుంటుంది, తను చాలనేదాకా పైనుంచి పైపుతో నీళ్లు పోయాలి. లోపల ఏం జరిగేదో మేమెవరం ఎన్నడూ తొంగి చూడలేదు. ఈసారి నర్సమ్మగారు కూడా పక్క సీట్లో ఎక్కి కూర్చున్నారు. పైపు నా చేతికిచ్చారు. నాన్న కుళాయి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీధిలో నలుగురు మెకానిక్కులు పని మానేసి మరీ వచ్చారు.

నీళ్లు పోశాను. నిమిషం కాకముందే ఒక చుక్క పడింది. సరిగ్గా నర్సమ్మగారి కళ్లజోడు మీద. రెండోది అత్త భుజం మీద. ఆ తర్వాత నడిమి కుట్టు పొడుగునా చుక్కలే. బయట ఎవడో నవ్వాడు. నాన్న కుళాయి కట్టేశాడు.

"చాల్లే అక్కా, దిగు. ఇంకేం చూడాలి?"

అత్త దిగలేదు. అద్దం కాస్త దించి, "నీళ్లు ఆపమని ఎవరు చెప్పారు? పొయ్యండి" అంది.

"అక్కా, నలుగురిలో పరువు..."

"కట్టిన కుళాయి తిప్పవే!" అని నన్ను కసిరింది.

నాన్న నావైపు గుడ్లురిమి చూశాడు. ఇరవై రెండేళ్లలో ఆయన మాట నేను జవదాటలేదు. నాకు భయమేసింది. ఆ నవ్వినవాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అంతే, వెళ్లి నాన్న చెయ్యి పక్కకు తోసి కుళాయి తిప్పాను.

"మీరు దిగిపోతారా అమ్మా?" అని లోపల అత్త అడగడం వినబడింది.

"పురుటి నొప్పుల దగ్గర రాత్రింబవళ్లు కూర్చున్నదాన్ని. ఒక గుడ్డ కోసం పది నిమిషాలు కూర్చోలేనా?" అన్నారు నర్సమ్మగారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

నీళ్లు పడుతూనే ఉన్నాయి. ధారగా పడే చుక్కలు ఆగి ఆగి పడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే వేలాడి, చాలాసేపటికి రాలాయి. చివరి చుక్క కుట్టుకు వేలాడి, పడనే లేదు. నేను పైపు సరిగ్గా కుట్టు మీదే పెట్టాను. వేలు పెట్టి తడిమిన అత్త, ఆ వేలు అద్దంలోంచి బయటికి చాపింది. పొడిగా ఉంది.

నవ్వినవాడు ఎప్పుడు జారుకున్నాడో తెలియదు.

అత్త తలుపు తీసుకుని దిగింది. జాకెట్టు తడిసి ముద్దయింది. నేరుగా నాన్న ముందుకు వచ్చింది. "నూలు దారం తడిస్తే ఉబ్బుతుందిరా. ఉబ్బి సూది కన్నాన్ని మూసేస్తుంది. మొదటి తడికి కారుతుంది, కారాలి. పోయినసారి నా కుట్టు మీద ఏం పూశావు?"

నాన్న కుట్టువైపు చూశాడు. "బంక. ముందుజాగ్రత్తకి..."

"బంక పూస్తే దారం నీళ్లు తాగదు. ఎండకి నీ బంక పగిలింది, కన్నాలు కన్నాల్లాగే ఉండిపోయాయి. నాకు ఆ రోజే తెలుసు. పైవాళ్ల ముందు తమ్ముడి పరువు తీయడం ఎందుకని ఊరుకున్నా. ఊరుకుంటే నన్ను మరుగుదొడ్డి పక్కన కూర్చోబెట్టావు."

నాన్న తల దించుకున్నాడు. "చిన్నప్పుడు నాన్న కుట్టిన గుడారాలకి నీళ్లు పోసింది నేనే కదా అక్కా. నాకెందుకు తెలీదు ఇది?"

"నువ్వు బయట బిందె పట్టుకుని నిలబడేవాడివి. లోపల కూర్చుని చుక్కలు లెక్కపెట్టింది నేను. ఎక్కు."

"ఎక్కడికి?"

"కార్లోకి. ఈ వయసుకైనా ఒకసారి లోపల కూర్చో."

వీధంతా చూస్తుండగా నాన్న ఆ చిన్న కార్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. పైపు నా చేతిలోంచి అత్త లాక్కుంది. పావుగంటసేపు పోసింది, కసి తీరా పోసింది. మధ్యలో ఆయన అద్దం దించబోతే, "ముయ్యి" అంది. దిగాక నాన్న తన పొడి తల నిమురుకున్నాడు.

"వచ్చినవాళ్లకి ఏమని చెప్పాలి మరి, మొదట కారుతుందనా?" అన్నాడు.

"అవును. ముందే చెప్పు. నోరుందిగా."

టాపు ఆరేదాకా మడవొద్దని అత్త చెబితే, నర్సమ్మగారు మధ్యాహ్నం దాకా స్టూలు మీద కూర్చున్నారు. ఆరాక తనే మీట నొక్కి టాపు వెనక్కి మడిచి, నెత్తి మీద ఎండతో వీధి చివరిదాకా హారన్ కొట్టుకుంటూ వెళ్లారు. అత్త లోపలికి వచ్చి కిటికీ పక్కన ఉన్న డొప్పను ఒక అంచు పట్టుకుంది. "పట్టు" అంది నాన్నతో. ఆయన రెండో అంచు పట్టుకున్నాడు.

హార్డ్‌టాపులు కావాలన్నవాళ్లకు నాన్న ఇప్పటికీ పోసిస్తున్నాడు. అత్త మిషను కిటికీ పక్కన ఉంది. ఆ మొదటి డొప్ప మాత్రం కుళాయి కింద వెల్లకిలా పడుంది. నాన్న అన్నది నిజమే, చుక్క కారదు. పని అయ్యాక అందరం అందులోనే చేతులు కడుక్కుంటాం.