రూతు రాసిన టైంటేబిల్

మూడు ప్రశ్నలతో ఈ ప్రయాణం మొదలైంది. ఖరగ్‌పూర్ నుంచి సింహాచలం ఫోను చేసి, "టికెట్టు మేం తీస్తాం గానీ ముందు మూడు సంగతులు సెప్పు. మోకాళ్ళెలగున్నాయి? రాత్రి ఎన్నిసార్లు లెగుస్తావు? పొద్దున్న దిగ్గానే టీయా, కాఫీయా?" అన్నాడు.

"టికెట్టు తియ్యడానికి నా ఒంటి సంగతులెందుకురా?"

"అడగమన్నోలు అడగమన్నారు. నువ్వు సెప్పు."

చెప్పాను. గంటలో ఫోనుకు టికెట్టు వచ్చింది. కింది బెర్తు. బాత్రూముకు దగ్గరే, కానీ దాని వాసన తగిలేంత దగ్గర కాదు. ఉపన్యాసాల కోసం ఇన్నేళ్ళు ఊరూరా తిరిగాను గానీ ఇంత కుదిరిన బెర్తు ఎన్నడూ దొరకలేదు. దీన్ని అదృష్టం అనుకునే అలవాటు నాకు లేదు. ఎవరో బుర్ర పెట్టి తీశారనుకున్నాను.

సింహాచలం నాతో విజయనగరంలో పదో తరగతి చదివాడు. తర్వాత తండ్రి దారిలోనే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. అతను నన్ను పిలిచిన పని ఇదీ: ఖరగ్‌పూర్‌లోనే ఖరిదా అనే పేటలో వాళ్ళ పక్కింటి రూతుకు ముప్పై ఒక్క ఏళ్ళు. పుట్టుక నుంచీ కాళ్ళూ, ఎడమ చెయ్యీ స్వాధీనంలో లేవు. మాట నెమ్మది. తండ్రి కూడా వర్క్‌షాపు మనిషే, ఎప్పుడో పోయాడు. దగ్గరుండి చూసుకున్న తల్లి నాలుగు నెలల క్రితం కన్నుమూసింది. ఇప్పుడు అన్న దానియేలు, మేనత్త సంతోషమ్మ కలిసి ఆమెను రూర్కెలా అవతల ఒక వికలాంగుల హోముకు పంపాలనుకున్నారు. అక్కడ ఒక మంచం ఖాళీ ఉంది. సోమవారం లోపు ఏదో ఒకటి చెప్పాలి. ఆదివారం సాయంత్రం ఇంట్లో మీటింగు.

"ఆ పిల్లకి ఎల్లాలని నేదు. నువ్వొచ్చి నాలుగు మాటలు గట్టిగా సెప్పాల," అన్నాడు సింహాచలం.

గట్టిగా చెప్పడమే కదా ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నది! వైకల్యం పూర్వజన్మ పాపమన్నవాళ్ళతోనూ, దేవుడు పెట్టిన పరీక్ష అన్నవాళ్ళతోనూ వేదికలెక్కి పోట్లాడాను. శనివారం సాయంత్రం ఏడున్నరకు విజయనగరంలో హౌరా వెళ్ళే బండి ఎక్కేసరికి నా సంచిలో చపాతీలు, బంగాళదుంప కూర, నాలుగు పేజీల ప్రసంగం సిద్ధంగా ఉన్నాయి.

ఎదుటి బెర్తులో బ్రహ్మపురం దిగవలసిన ఒక పెద్దావిడ నా పని విని, "అలాటి బిడ్డలు దేవుడి బిడ్డలు బాబూ," అంది.

"దేవుడి బిడ్డలైతే వాళ్ళ మాట ఒక్కరూ వినరేమమ్మా?"

"ఆ దేవుడి మాట మాత్రం ఎవులింటన్నారు?"

పెట్టె అంతా నవ్వింది. మొదటి వాదనలోనే ఓడి, దుప్పటి కప్పుకున్నాను.

ఆదివారం ఉదయం ఏడూ ఇరవైకి ఖరగ్‌పూర్‌లో దిగాను. సింహాచలం ఫ్లాస్కుతో నిలబడి ఉన్నాడు. ఊరంతా మట్టి కప్పుల్లో టీ తాగుతుంటే నాకు మాత్రం ఫిల్టరు కాఫీ! స్టేషను బయట టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కాం, ఇద్దరికీ కలిపి ముప్పై రూపాయలు. మా మాటలు విని టోటో అతను వెనక్కి తిరిగాడు. "ఆంధ్రా నుంచేటి బాబూ? మా తాతది పార్వతీపురం. నాను మాత్రం ఎప్పుడూ సూడనేదు."

గోల్‌బజార్ దగ్గర లాడ్జిలో కింది అంతస్తులో గది తీసి ఉంచారు. మెట్లు లేవు. నా మోకాళ్ళను ఎవరో లాడ్జి దాకా వెంబడించి కాపాడుతున్నారు. మైదా పూరీల్లాంటి లూచీలు, ఆలూదమ్ తిని, స్నానం చేసి, ప్రసంగానికి మరో పేజీ కలిపాను.

మీటింగు నాలుగింటికి. నాకు ఆత్రం. రూతును ముందే ఒకసారి చూద్దామని సింహాచలం వద్దంటున్నా రెండూ పదికి ఖరిదా వెళ్ళాను. దానియేలు భార్య కరుణ వీధి తలుపు సగం తెరిచింది. ఆమె భుజం మీదుగా లోపలి గది కనిపించింది. తలుపు గట్టిగా మూసి ఉంది. బయట ఖాళీ చక్రాల కుర్చీ.

"రూతుతో మాట్లాడాలమ్మా."

"ఇప్పుడు కుదర్దు సార్. మూడు దాటేక రండి."

నాకు రక్తం మరిగింది. మనిషి లోపల, కుర్చీ బయట! "తలుపు వెనక పెట్టి మూసేస్తారా? కోళ్ళకైనా గూట్లో కిటికీ ఉంటుంది!" అని ఆమె నోరు తెరిచేలోగా అరిచేశాను. కరుణ నన్ను పైకీ కిందికీ చూసింది. "నాలుగింటికి మీటింగు సార్," అని తలుపు వేసేసింది. ఆ కోపంలో ప్రసంగానికి ఆరో పేజీ పుట్టింది.

నాలుగింటికి ఆ ముందుగదిలో ఏడుగురం కూర్చున్నాం. నడుమ చక్రాల కుర్చీలో రూతు. సన్నటి మనిషి, కళ్ళజోడు, కుడిచేతిలో ఫోను. పక్కన మితా దీదీ అనే బెంగాలీ ఆవిడ. వికలాంగులతో పనిచేసే ఒక చిన్న సంస్థ మనిషి. ఆమెను రూతే పిలిపించుకుందట. దీదీ హిందీలో రెండే నియమాలు చెప్పింది. ఒక మనిషి గురించి మీటింగైతే మొదటి మాట, చివరి మాట ఆ మనిషివి. ఆమె వాక్యాన్ని ఇంకెవరూ పూర్తి చెయ్యకూడదు.

సింహాచలం దీనికి వర్క్‌షాపు మేకు ఒకటి దిగ్గొట్టాడు. రూతు తండ్రి ఇత్తడి టోకెన్ బిళ్ళను ఆమె ఒళ్ళో పెట్టాడు. వర్క్‌షాపు గేటు దాటగానే ఎవరి బిళ్ళ వాళ్ళు బోర్డుకు తగిలించాలి. బిళ్ళ బోర్డు మీద ఉంటేనే మనిషి పనిలో ఉన్నట్టు. రిటైరైన రోజున తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ తండ్రి మాత్రం పోయిందని చెప్పి, జరిమానా కట్టి, ఇంట్లో దాచుకున్నాడట.

"బిళ్ళ ఎవుల సేతిలో ఉంటే ఆలే మాటాడాల," అన్నాడు సింహాచలం.

నేను కాగితాలు తీసి లేచాను. "మిత్రులారా, దయ అనేది తిరస్కారానికి వేసిన అందమైన ముసుగు..."

"బిళ్ళ నీ సేతిలో ఉందేటి? కూకో!"

అందరూ నవ్వారు. రూతు మరీ నవ్వింది. కూర్చున్నాను.

ఆమె మొదలుపెట్టింది. లెవెల్ క్రాసింగు దగ్గర గూడ్సు బండి దాటుతున్నప్పుడు ఎలా నిలబడతామో అలా నిలబడాలి ఆమె మాట కోసం. ఒక్కో పెట్టే వస్తుంది. తొందరపడి గేటు కింద దూరేవాడు వెర్రివాడు.

"మీరు... మంచం... బుక్ సేసినారు. నన్ను... ఎవులడిగినారు?"

బిళ్ళ దానియేలు చేతికి వెళ్ళింది. అతను దుర్మార్గుడు కాడు, అలసిపోయిన మనిషి. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీ పని. "నాకు షిఫ్టు. కరుణకి నడుం నొప్పి. నిన్ను లేపి కూకోబెట్టాలంటే ఇద్దరుండాల. అమ్మ రోజంతా నీ ఎనకే ఉండీది. అలాటి మనిషిని నానెక్కడినుంచి తెత్తాను చెల్లీ?"

సంతోషమ్మ బిళ్ళ అందుకుంది. "అక్కడ ప్రార్థన ఉంటాది, డాక్టరుంటాడు, ఏళకి తిండుంటాది. మరేటి కావాల?"

బిళ్ళ మళ్ళీ రూతు ఒళ్ళోకి వచ్చింది. ఈసారి ఆమె మాట్లాడలేదు. బొటనవేలితో ఫోను నొక్కింది. గదిలో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.

సింహాచలం కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఒలమ్మా! ఇది టైంటేబిలు కదేటి!"

నిజంగానే రైల్వే టైంటేబిల్. పైన 'రూతు లోకల్, రోజూ' అని పేరు. కింద వేళలు, హాల్టులు. ఊరి పేర్లు ఉండవలసిన చోట మనుషుల పేర్లు. ఆరూ పదికి స్నానం, ఇరవై నిమిషాల హాల్టు, వదిన, సింహాచలం భార్య పార్వతి. తొమ్మిదికి బయలుదేరుట, కుర్చీ తోసేది సింహాచలం మావయ్య. తొమ్మిదీ ఇరవైకి బజారులో జెరాక్సు షాపు పక్క తన బల్ల. అక్కడే ఆమె చుట్టుపక్కల వాళ్ళకు రైలు టికెట్లు తీసేది, ఫారాలు నింపేది. తల్లి పోయాక నాలుగు నెలలుగా ఆ బల్ల ఖాళీ. ఒంటిగంటకు ఇల్లు, భోజనం, సంతోషమ్మత్త. ఐదూ నలభైకి అన్న. బుధవారం చర్చి పాటల కొయిర్‌కు స్పెషల్. ప్రతి పేరు పక్కనా ఒక రిలీవరు, ఆ మనిషి రాలేకపోతే వచ్చేవాళ్ళు.

నా మూడు ప్రశ్నలు ఎవరివో అప్పుడు తెలిసింది. ముక్కూ మొహం తెలియని నాకు బెర్తు తియ్యాలంటే ఆమె నన్నే అడిగింది. ఆమె బతుకంతటికీ మంచం తీసేటప్పుడు ఆమెను అడగాలని సొంతవాళ్ళకు తోచలేదు. సాయాన్ని మనం ముందే కుట్టి పెట్టిన చొక్కా అనుకుంటాం, మనిషిని దానిలో దూరుస్తాం. చేతులు పట్టకపోతే చేతులది తప్పంటాం!

సంతోషమ్మ ఫోనులో తన పేరు చూసుకుని లేచింది. "నన్నడక్కుండానే రాసేసినావేటే?"

రూతు మేనత్త కళ్ళలోకి చూసింది. "ఎలగుంది... అత్తా?"

గది గొల్లుమంది. సంతోషమ్మ కూడా నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అందుకే... అడుగుతన్నాను," అని రూతు వాక్యం పూర్తి చేసింది. "వస్తావా?"

"రోజూ సేపల పులుసంటే నావల్ల కాదు," అంది సంతోషమ్మ. అది ఒప్పుకోవడమే.

దానియేలు మాత్రం ఫోను కింద పెట్టలేదు. వేలితో ఒక్కో హాల్టూ లెక్కపెట్టాడు. రోజంతా ఒక మనిషి కావాలని అతను హడలిపోయిన చోట, మనిషికో అరగంట చాలని ఉంది.

నాకు బిళ్ళ దొరికింది. టైంటేబిల్లో ఒక లోపం కనిపెట్టానని సంబరంగా చెప్పాను. "రెండు నుంచి మూడు దాకా ఎవరి పేరూ లేదు. అప్పుడు ఏ అవసరమైనా వస్తే? సింహాచలాన్ని వేద్దాం."

రూతు తల అడ్డంగా ఊపింది. చాలాసేపు ఆగాం.

"ఆ గంట... నాది."

కరుణ నావైపు తిరిగింది. బిళ్ళ లేకుండానే మాట్లాడింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. "లోపలికెళ్ళి ఆ తలుపు సూసి రండి సార్."

వెళ్ళి చూశాను. గడియ తలుపుకు లోపలివైపు ఉంది, మోకాలెత్తున. కింద చాప మీద కూర్చున్న మనిషి చెయ్యి అందేటట్టు ఆమె తండ్రి బిగించాడట. మధ్యాహ్నం నేను కోళ్ళగూడని తిట్టిపోసిన గది, ఆ ఇంట్లో రూతు ఎవరి సాయం లేకుండా ఏలే రాజ్యం. తలుపు మూసినదీ ఆమే. ఆరు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. కరుణకు చేతులు జోడించాను. "కోళ్ళ సంగతి ఇంకెత్తకండి సార్," అందామె, టీ చేతికిస్తూ.

చివరి మాట రూతుది కావాలి కానీ దానియేలు బిళ్ళ అడిగాడు. "కాగితం మీద బళ్ళన్నీ టైముకే నడుస్తాయి చెల్లీ. రేపు ఆరూ పదికి మొదటి హాల్టు పడితే హోముకి ఫోను చేసి వద్దంటాను. పడకపోతే ఔనంటాను."

రూతు, "ఠీక్ హై," అంది.

సోమవారం ఐదున్నరకే లాడ్జి ఖాళీ చేసి ఖరిదా చేరాను. ఆరూ పది. కరుణ నీళ్ళు తోడి ఉంచింది. పార్వతి లేదు. ఆరూ పదకొండు. దానియేలు గుమ్మంలో డ్యూటీ బట్టల్లో నిలబడి వీధికేసి చూస్తున్నాడు. అతని మొహంలో ఆమె రాకూడదన్న కోరిక ఒక్క పిసరు కూడా లేదు. ఆరూ పన్నెండుకు గేటు చప్పుడైంది. పార్వతి చెప్పులు విడుస్తూ, "కుళాయి దగ్గర ఆలీసమైపోనాది తల్లీ!" అని పరుగెత్తుకొచ్చింది.

లోపలినుంచి రూతు గొంతు. "రెండు నిమిషాలు... లేటు."

దానియేలు గోడకు ఆనుకుని, మొహం చేతుల్లో దాచుకుని, నవ్వాడో ఏడ్చాడో. ఆరున్నరకు రూతు తలారా స్నానం చేసి బయటికొచ్చింది. అన్న ఫోను తియ్యబోతుంటే ఆపింది. తనే హోముకు హిందీలో రెండు ముక్కలు రాసి మాకు చూపించింది: 'నేను రావడం లేదు. ఆ మంచం కావాలన్నవాళ్ళకు ఇవ్వండి. ఇట్లు, రూతు.' పంపింది. అంతే.

తొమ్మిదికి సింహాచలం కుర్చీ తోశాడు. కుర్చీ దిగడానికి గడప దగ్గర రాత్రికి రాత్రి కొట్టిన చెక్క వాలు కిర్రుమంది. బజారులో జెరాక్సు షాపు పక్క బల్ల తుడిచి, గోడకున్న మేకును రూతు చూపించింది. సింహాచలం ఇత్తడి బిళ్ళను దానికి తగిలించాడు. ఐదు నిమిషాలు కాకుండానే ఒక ముసలాయన వచ్చాడు. "ఇన్నాళ్ళు ఎక్కడికెళ్ళిపోనావే? పలాస టికెట్టు తియ్యాల."

"తాతా... రాత్రి... ఎన్నిసార్లు లెగుస్తావు?"

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఖరగ్‌పూర్‌లో ప్లాట్‌ఫారాలు దూరం, పావుగంట ముందే చేరుకోండి. పన్నెండూ యాభైకి నా బండి కదిలింది. రూతు తీసిన కిటికీ సీటు. పక్కన భువనేశ్వర్ దిగే ఒక బ్యాంకు ఉద్యోగి, తెలుగాయన, ఏం పని మీద వచ్చారని అడిగాడు.

"ఒక మీటింగులో మాట్లాడటానికి."

"బాగా మాట్లాడారా?"

"కూర్చోబెట్టారు," అన్నాను. ఇంత సంతోషంగా నేనెన్నడూ ఓడిపోలేదు. వేదికల మీద గెలిచిన వాదనలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ మర్నాడు ఉదయం ఆరూ పదికి ఎవరి ఇంటి గేటూ తియ్యలేదు.

బాలాసోర్ స్టేషనులో బండి ఆగింది. ముంత టీ తీసుకున్నాను. సీటు బాగుందని రూతుకు చెబుదామనిపించి ఫోను తీసి, పేరు వెతికి, వేలు పెట్టబోయి స్టేషను గడియారం చూశాను. రెండూ ఇరవై.

ఫోను జేబులో పెట్టేసి, మూడు దాకా ఊరుకున్నాను.