తీగలన్న చేసిన కాపీ

ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే మనిషిని అందరూ తీగలన్న అంటారు. ఎవరి కుర్చీలోనైనా అంచుమీదే కూర్చుంటాడు. కీబోర్డు ముట్టుకునే ముందు వేళ్లు చొక్కాకి తుడుచుకుని, నల్లతెర మీద కమాండు ఒక్కో అక్షరమూ గొణుక్కుంటూ కొడతాడు. పిల్లల మందుల మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాము, అందరికీ ఉమ్మడిగా ఉండే నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి నడపబోతే ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోయేది. వారం రోజులు తల బద్దలుకొట్టుకుని, చివరికి దాన్ని మందులగది కంప్యూటర్లోకే కాపీ చేశాడు. చిటికెలో నడిచింది. అందరూ మెచ్చుకున్నారు; బాగైపోయిందని తనూ నమ్మాడు.

ఈ ఉదయం మందులిచ్చే అమ్మాయి అతన్ని మందులగదికి పిలిపించింది. "అన్నా, డాక్టర్లు సోమవారమే మోతాదుల పట్టిక మార్చారుగా. ఇది ఇంకా పాత లెక్కే చెబుతోంది."

పట్టిక మారింది డ్రైవ్‌లో ఉన్న ప్రోగ్రాములో. కాపీకి ఆ సంగతి తెలియదు.

"ఈ మూడు రోజులూ ఇచ్చినవి?" అన్నాడు.

ఆమె అప్పటికే ఎవరికెంత మందిచ్చారో రాసే రిజిస్టరు తిరగేస్తోంది. అతను వేళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి కాపీని డిలీట్ చేశాడు. డ్రైవ్ నుంచి నడిపి చూశాడు. మళ్లీ ఎర్ర అక్షరాలు.

"మళ్లీ ఆగిపోయిందిగా!" అందామె.

"ఆగిపోతే, ఆగిందనైనా తెలుస్తుందమ్మా," అంటూ రెండో రిజిస్టరు తన ముందుకి లాక్కున్నాడు.